విజయనగరంలో దాచిన తుపాకీ, నా మిగతా ఆస్తి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస మండలం రాళ్ళపేట గ్రామంలో కాపురం ఉంటున్నవాణ్ణి, కీర్తిశేషులు పాగోటి యోహాను గారి పెద్దకొడుకును, మాజీ సైనికుణ్ణి, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బ్యాంకు గార్డుగా పనిచేసినవాణ్ణి, అరవై ఎనిమిదేళ్ళ పాగోటి సత్యానందం అనే నేను, నా కొడుకు థామస్, నా కూతురు పార్వతి, ఇందులో పేర్లున్న మిగతావారు తెలుసుకోవడానికి రాసి ఉంచుతున్న వీలునామా ఇది.

నేను స్వస్థబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను. వకీలు గారి దగ్గరున్న నమూనాలో మొదటి వరుస ఇదేనని నాకు తెలుసు. నాకు మాత్రం అది నమూనాలోని మాట కాదు. నా బుద్ధి స్వస్థంగా లేని నెలలు నా జీవితంలో ఉన్నాయి. అవి ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేను, ఎప్పుడు ముగిశాయో చెప్పగలను. లేనప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాడిగా, ఇప్పుడు ఉన్నదని చెబుతున్నాను. నాకు వైద్యం చేసిన డాక్టర్ దుర్గాభవాని గారు ఈ నెల నాలుగో తేదీన నన్ను చూసి ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతపరిచాను. మతి సరిలేనివాడు రాసిన కాగితం చెల్లదని రేపు ఎవరైనా అంటే, ముందు అది చదవండి. తర్వాత దీన్ని చివరిదాకా చదవండి.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. రాళ్ళపేటలో నేను కట్టుకున్న పెంకుటిల్లు, వెనక పెరడుతో కలిపి పదకొండు సెంట్లు, నా కొడుకు థామస్‌కు చెందాలి. పెరట్లో పనస చెట్టు ఉన్నంతకాలం కాయల్లో సగం చెల్లెలికి పంపాలి. పంపకపోతే ఏ కోర్టూ అడగదు. పంపుతావనే నా నమ్మకం.

2. కాలువ కింద ఉన్న ఎనభై సెంట్ల వరి పొలం నా కూతురు పార్వతికి చెందాలి. బొబ్బిలిలో బడి పంతులమ్మకి పొలం దేనికని కొందరు అడగవచ్చు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఎక్కాలు వల్లించింది ఆ పొలంలోనే. పన్నెండో ఎక్కం దగ్గర తడబడి, ప్రతిసారీ నీళ్ళకేసి చూసేది, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు.

3. నా భార్య శాంతి కుట్టుమిషను, ఆమె పాటల పుస్తకం కూడా పార్వతికే. పుస్తకంలో పదిహేడు పాటలకి ఆమె పెన్సిల్‌తో గీత పెట్టుకుంది. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. 2016 జూలైలో, ఊళ్ళో నాట్లు పడుతున్న వారంలో, జ్వరంగా మొదలైన జబ్బు పదకొండు రోజుల్లో ఆమెను తీసుకుపోయింది.

ఆమె పోయాక నాకు ఒకటే కల వచ్చేది. రైలు పట్టాల పక్కన గొడుగు వేసుకుని ఆమె నా ముందు నడుస్తూ ఉంటుంది. వాన ఉండదు. గొడుగు మీద చినుకుల చప్పుడు మాత్రం వినబడుతుంది. పిలిస్తే ఆగేది కాదు, వెనక్కి చూసేదీ కాదు. మెలకువ వచ్చాక కూడా ఆ చప్పుడు చెవుల్లో ఉండేది. కొన్నాళ్ళకి పట్టపగలు కూడా వినబడసాగింది. బ్యాంకు గేటు దగ్గర నిలబడి, నడినెత్తిన ఎండ కాస్తుంటే, చినుకులు వింటూ ఉండేవాణ్ణి.

4. పఠాన్‌కోట్‌లో స్టూడియోలో తీయించుకున్న ఫోటో, జగన్నాధం, నేను యూనిఫారాల్లో ఉన్నది, అతని భార్య జగ్గమ్మకు ఇవ్వాలి. పార్వతి పొలంలో ప్రతి పంటకీ రెండు బస్తాల బియ్యం జగ్గమ్మ జీవించినంతకాలం ఆమె ఇంటికి చేర్చాలి.

జగన్నాధం, నేను ఒకే రోజు సైన్యంలో చేరాము. బయటికొచ్చాక అతనూ గార్డుగానే చేశాడు. మా ఇద్దరికీ సొంత తుపాకీలు, సొంత లైసెన్సులు. ఆ ఉద్యోగానికి అవే పెట్టుబడి. 2009లో ఒక మధ్యాహ్నం అతను తన తుపాకీతోనే ప్రాణం తీసుకున్నాడు. దానికి నాలుగు రోజుల ముందు ఆమదాలవలస స్టేషను బయట టీ దుకాణం దగ్గర కలిశాము. టీ చల్లారిపోయినా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఏటిరా, ఒంట్లో బాగుందా?" అన్నాను.

"బాగానే ఉన్నాదిరా" అన్నాడు.

బాగాలేదని నాకు కనబడుతూనే ఉంది. రైలు టైమైందని లేచి వచ్చేశాను. జగ్గమ్మా, ఈ సంగతి పదిహేనేళ్ళుగా నీకు చెప్పలేదు. ఇప్పుడు కూడా ఎదురుగా చెప్పే ధైర్యం లేక కాగితం మీద చెబుతున్నాను. నన్ను క్షమించు.

అతను పోయిన పదకొండో రోజున నువ్వు నాతో అన్న మాట నీకు గుర్తుండకపోవచ్చు. "ఆ పూట ఆ తుపాకి ఇంట్లో నేకపోతే ఆ మనిసి బతికుండును బాబూ. మద్దేనం మూగోడిలాగుండీవోడు, దీపాలెట్టీసరికి నవ్వీవోడు. ఆ ఒక్క మద్దేనం దాటించీసుంటే సాలును." ఆ మాటను నేను ఎక్కడో దాచిపెట్టుకున్నాను. అది నన్ను ఎలా కాసిందో కింద రాస్తున్నాను. నువ్వు చదవలేవు గనుక పార్వతి నీకు చదివి వినిపించాలి. ఇది పార్వతికి నా ఆజ్ఞ.

5. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. అయినా దీని తర్వాతి అంశాలు దీని మీదే నిలబడి ఉన్నాయి గనుక రాయక తప్పదు.

2016 డిసెంబరు నాటికి నేను బ్యాంకుకి వెళ్ళడం మానేశాను. పొద్దెక్కేదాకా మంచు పొలాల మీద నుంచి లేచేది కాదు, నేను మంచం మీద నుంచి లేచేవాణ్ణి కాదు. ఎదురింటివాళ్ళు క్రిస్మస్ నక్షత్రం కట్టారు. గాలికి అది మెల్లగా తిరుగుతుంటే చూస్తూ పడుకునేవాణ్ణి. ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. ఏ రోజు ఏ రోజో తెలిసేది కాదు. ఎవరైనా పలకరిస్తే, చెరువు అడుగున కూర్చుని పైనున్నవాళ్ళ మాటలు విన్నట్టు ఉండేది.

ఒక ఆదివారం ఉదయం చర్చి గంట విన్నాను, వెళ్ళలేదు. తుపాకీ తుడుద్దామని గుడ్డ కవరు విప్పాను. ప్రతి ఆదివారం అది నా అలవాటు. కవరు విప్పడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది, గోడ మీదున్న ఎండ గుమ్మంలోకి దిగి ఉండడం. మధ్యలో ఎంతసేపు గడిచిందో, ఏం తలచుకున్నానో ఈనాటికీ చెప్పలేను. తుపాకీ నా ఒళ్ళో ఉంది. చినుకుల చప్పుడు చాలా దగ్గరగా వినబడుతోంది. నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యడం లేదని తెలిసినప్పుడు మాత్రం ఒళ్ళంతా చల్లబడింది. ఆ చప్పుడు వెనకాల నుంచి జగ్గమ్మ గొంతు వచ్చింది. ఒక్క మద్దేనం దాటించీసుంటే సాలును.

తుపాకీ మంచం మీద పెట్టాను. బయటికొచ్చి తలుపుకి తాళం వేసి అరుగు మీద కూర్చున్నాను. అంతే నేను చేసింది. తాళంచెవి చేతిలో ఉన్నంతసేపూ ఆ తాళం తాళం కాదని తెలుసు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? కూతురికి చెబితే బెదిరిపోతుంది. కొడుకు విశాఖపట్నంలో ఉన్నాడు. చివరికి ఫోను చేసింది, పంతొమ్మిదేళ్ళుగా నేను మాట్లాడని మనిషికి. శాంతి తమ్ముడు ధనరాజ్‌కు.

మాట్లాడకపోవడానికి కారణం ఉంది. 1997లో నేను విపరీతంగా తాగేవాణ్ణి. ధనరాజ్ ఆ సంగతి చర్చి సంఘ పెద్దలకి చెప్పాడు. నన్ను ఆరు నెలలు ప్రభువు బల్లకి, అంటే అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరంగా ఉంచారు. సంస్కారం గిన్నె నా వరుసను దాటి వెనక్కి వెళ్ళిపోతుంటే అందరూ చూశారు. ఆ రోజు నుంచి అతని గడప తొక్కలేదు.

"ధనరాజూ, ఇంట్లో తుపాకీ ఉన్నాది. నాను దాని పక్కన ఉండకూడదు" అన్నాను.

అవతల పాట వినబడుతోంది. అతను చర్చిలో ఉన్నాడు.

"ఇప్పుడెక్కడున్నావు బావా?"

"అరుగు మీద."

"లోపలికెల్లకు. అక్కడే కూకో. వస్తన్నాను."

చేతిలో బైబిలుతోనే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. జుట్టు తెల్లబడిపోయింది. పక్కన కూర్చుని, రొప్పు తగ్గేదాకా ఆగి, నా మొహంలోకి చూసి అడిగాడు.

"సచ్చిపోవాలనుందా బావా?"

అంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు. నేను జగన్నాధాన్ని అడగనిదీ అదే.

"ఉన్నాదో నేదో తెలీట్లేదురా."

"సరే. తెలిసిందాకా అది నీ దగ్గర ఉండొద్దు. తాళంచెవి ఇలగియ్యి."

తుపాకీ తన ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. లైసెన్సు లేనివాడు పెట్టుకుంటే నేరమవుతుందని చెప్పాను. బుర్ర అంతా మబ్బు పట్టినా ఆ రూలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంవాళ్ళు డిపాజిట్‌గా తీసుకుంటారని కూడా చెప్పాను. ఆదివారం దుకాణం ఉండదు. ధనరాజ్ తాళంచెవి తన చొక్కా లోపలి జేబులో వేసుకుని నన్ను వాళ్ళింటికి తీసుకుపోయాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో చేపల పులుసు తిన్నాను. రుచి తెలియలేదు. తిన్నానని మాత్రం తెలిసింది.

సోమవారం పాసింజరు రైలెక్కాము. తూటాలు విడిగా మూట కట్టి, ఖాళీ తుపాకీ కవరులో పెట్టుకున్నాను. "లైసెన్సుదారుడివి నువ్వు. నువ్వే మొయ్యి. నాను పక్కన కూకుంటాను" అన్నాడు. అతను ఆ లైన్లో ముప్ఫై ఏళ్ళు ట్రాక్‌మన్‌గా పనిచేశాడు. ఏ పట్టా ఏ ఏడు మార్చారో చెబుతూనే ఉన్నాడు. నాగావళి వంతెన మీద రైలు నెమ్మదించింది. నీళ్ళ మీద మంచు ఇంకా ఉంది. రైలు దేని మీదా ఆనకుండా పోతున్నట్టు, మేమిద్దరం పెట్టెతో సహా తేలుతున్నట్టు అనిపించింది. పొందూరు దాటాక అతను కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"తాగుడు సంగతి పెద్దలకి నన్ను సెప్పమన్నది అక్కే బావా. నువ్వు దాని మీద సెయ్యెత్తుతావేమోనని నా పేరే ఉంచమన్నాది."

 శాంతి ఆ పంతొమ్మిదేళ్ళూ తమ్ముడింటికి నాకు చెప్పకుండా వెళ్ళివచ్చేదని నాకు తెలుసు. ఎందుకు కన్నీళ్ళతో తిరిగి వచ్చేదో ఆ రోజు తెలిసింది. చీపురుపల్లి దాకా నేను ఏడుస్తూ ఉన్నాను. ఎదుటి సీట్లో ఆడమనిషి వేరుశెనక్కాయలు ఒలిచి, నా చేతిలో గుప్పెడు పోసింది. ఏమిటని అడగలేదు.

విజయనగరంలో దుకాణం యజమాని ఉమాశంకర్ గారు లైసెన్సు చూసి రిజిస్టరు తెరిచారు. "డిపాజిట్‌కి కారణం ఏమని రాయమంటారు?" అన్నారు.

"ఇంటికి సున్నాలేయిస్తన్నారని రాయండి" అన్నాడు ధనరాజ్.

"కాదండి, నా మనసు బాగాలేదు. అదే రాయండి" అన్నాను.

ఆయన కలం ఆగింది. నన్ను పైకీ కిందికీ చూడలేదు, జాలిపడలేదు. 'అనారోగ్యం' అని రాసి, తుపాకీని లోపలి ఇనప బీరువాలో పెట్టి, రసీదు చించి ఇచ్చారు. "మీ వస్తువు మీదే. ఎప్పుడడిగినా ఇస్తాను. ఒంటరిగా మాత్రం రాకండి. ఈయన్ని వెంటబెట్టుకు రండి" అన్నారు. రసీదు ధనరాజ్ జేబులోకి వెళ్ళింది.

ఆయన చెప్పిన గుర్తుల ప్రకారమే ఆ మధ్యాహ్నం డాక్టర్ దుర్గాభవాని గారి దగ్గరికి వెళ్ళాము. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పి, ఈలోగా ఇంట్లో ప్రమాదమైన వస్తువులేమైనా ఉన్నాయా అని ఆమె అడిగారు. "తుపాకి ఉండీదమ్మా. ఇప్పుడే దాసీసి వస్తన్నాం" అన్నాడు ధనరాజ్. ఆమె చిరునవ్వు నవ్వి, "అయితే మందు పనిచేసేదాకా మనకి వ్యవధి దొరికింది" అన్నారు.

వ్యవధే దొరికింది. ఇంకేమీ గొప్పగా జరగలేదు. రోజూ సాయంత్రం ధనరాజ్ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మందు మింగించేవాడు. తిట్టేవాడు. చెడ్డ మధ్యాహ్నాలు తర్వాత కూడా చాలా వచ్చాయి. వచ్చినప్పుడు ఇంట్లో వాటి చేతికి అందేది ఏమీ ఉండేది కాదు. వచ్చి, నా పక్కన కూర్చుని, పొద్దువాలాక వెళ్ళిపోయేవి. మరుసటి ఏడు జూలైలో ఒక తెల్లవారుజామున చినుకుల చప్పుడుకి లేచాను. చెయ్యి చాపితే తడిసింది. అది నిజం వాన. మా పెంకుల మీద, పనస చెట్టు మీద, ఊరి మీద పడుతున్న వాన. ఆకలి వేసింది.

ఆగస్టులో నేను మళ్ళీ బ్యాంకు పనిలో చేరేముందు ఇద్దరం వెళ్ళి తుపాకీ తెచ్చుకున్నాము. బీరువా తెరిచేముందు ఉమాశంకర్ గారు నన్ను కాదు, ధనరాజ్‌ని చూశారు. ధనరాజ్ తల ఊపాడు.

6. నా సైన్యపు ఓవర్‌కోటు, నా సైకిలు, నా రేడియో ధనరాజ్‌కు చెందాలి. ఓవర్‌కోటు మన ఎండలకి దేనికని అతను అంటాడు. డిసెంబరులో వేసుకోమనండి. 1997లో అతను చెప్పింది నిజమని, చెప్పి మంచిపని చేశాడని, నా సమాధి కార్యక్రమంలో సంఘం ముందు పార్వతి ఈ వాక్యం చదవాలి.

7. నా పేర లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకీని నేను 2018లో పని మానిన వారంలోనే ఉమాశంకర్ గారి దుకాణంలో మళ్ళీ డిపాజిట్ చేశాను. అది అక్కడే ఉంది. నా తర్వాత అది వారసులెవరికీ చెందకూడదు. నా మరణవార్తను పార్వతి పోలీసు స్టేషనులో వెంటనే తెలియజేసి, చట్టం చెప్పిన పద్ధతిలో తుపాకీని ప్రభుత్వానికి అప్పగించాలి.

థామస్, నువ్వు దాన్ని మూడుసార్లు అడిగావు. తాతల నాటి వస్తువులా గోడకి ఉంటే బాగుంటుందన్నావు. నేను మందులు వాడుతున్న రోజుల్లో ఫోనులో నువ్వన్న మాట కూడా నాకు గుర్తుంది. "మెంటల్ డాక్టరు దగ్గరికెళ్ళావని తెలిస్తే మా పరువేమవుతుంది నాన్నా? మగాడిలా ఉండు." ఆ మాట నన్ను చాలా కాలం బాధపెట్టింది. తుపాకీ నీకు రాయకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

2020లో నీ ఉద్యోగం పోయి, నువ్వొక్కడివే వచ్చి ఐదు వారాలు మన ఇంట్లో ఉన్నావు. గోడవైపు తిరిగి పడుకునేవాడివి. పిలిస్తే పలకడానికి ఎంతో దూరం నుంచి వచ్చేవాడివి. ఆ దూరం నాకు తెలిసినదే. రోజూ నీ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ధనరాజ్ నన్ను అడిగిన మాటే నిన్ను అడిగాను. నువ్వు కోప్పడ్డావు, తర్వాత నా చెయ్యి పట్టుకుని నిద్రపోయావు. నువ్వు నిద్రపోతున్నంతసేపూ తుపాకీ తగిలించే మేకు మాత్రమే ఉన్న ఆ ఖాళీ గోడను చూస్తూ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. నాయనా, నీకు నేను ఇస్తున్న ఆస్తిలో ఆ ఖాళీ గోడ కూడా ఉంది. దాన్ని నింపకు.

8. నన్ను శాంతి పక్కన సమాధి చేయాలి. పూలు ఎక్కువ వద్దు.

9. నా బీరువాలో నీలం కవరులో ఒక రసీదు ఉంది. అది నాది కాదు. పాలకొండ దగ్గర పొలం చేసుకుంటున్న మాజీ సైనికుడు త్రినాథ్‌ది. పందుల నుంచి పంట కాచుకోవడానికి అతనికి లైసెన్సు తుపాకీ ఉంది. తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయినప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. ఉమాశంకర్ గారి దగ్గర నా కథ విని, భార్య కూర్మమ్మతో కలిసి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముగ్గురం వెళ్ళి గత ఆగస్టు 19న తుపాకీ డిపాజిట్ చేశాము. ఇలా నేను రైలెక్కించి తీసుకెళ్ళినవాళ్ళలో అతను ఆరోవాడు. మిగతా ఐదుగురూ ప్రాణాలతో ఉన్నారు. ఇద్దరు తుపాకీలు తిరిగి తీసుకున్నారు, ముగ్గురు ఇక వద్దన్నారు.

రసీదు నా దగ్గర ఉంచమని త్రినాథ్ తన చేత్తో రాసి ఇచ్చాడు. నేను ముందుగా పోతే ఆ కవరు ధనరాజ్ దగ్గర ఉండాలి. త్రినాథ్ ఎప్పుడడిగినా కాదనకూడదు, అది అతని సొత్తు. అయితే అతను తనకు తానే పెట్టుకున్న మూడు షరతులు ఆ కాగితంలో ఉన్నాయి. పగటి పూట రావాలి. కూర్మమ్మతో రావాలి. అన్నం తిని రావాలి. మూడోది కూర్మమ్మ చేర్చింది.

10. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా కూతురు పార్వతిది. అన్నయ్యను సంప్రదించి చెయ్యాలి, అన్నయ్యకు భయపడి కాదు.

ఈ కాగితాన్ని శుభ్రంగా తిరగరాస్తుండగా ఈ ఉదయం, సాక్షి సంతకం కోసం నేను రమ్మన్నవాళ్ళలో త్రినాథ్ ముందుగా వచ్చాడు. వీలునామాలో ఆస్తి పొందేవాడు సాక్షి కాకూడదు గానీ, అతనిది అతనికి చేర్చడం దానం కాదు గనుక అతను సాక్షిగా ఉండవచ్చునని వకీలు గారు చెప్పారు. తొమ్మిదో అంశం అతనికి చదివి వినిపించాను. పక్కన కూర్మమ్మ ఉంది. పగలే. చద్దన్నం తినే వచ్చామన్నారు. అందుచేత లేచి, నీలం కవరు తెచ్చి అతని ముందు పెట్టి అడిగాను.

"ఇచ్చీమంటావా?"

అతను కవరుని చూశాడు. వాకిట్లో ఎండ పల్చగా ఉంది. కోతకొచ్చిన చేలు గాలికి ఒకవైపే వాలుతున్నాయి.

"ఇప్పుడొద్దు మావా. ఉంచు. కోతలయ్యాక సూద్దాం" అన్నాడు. చేల వైపు చూస్తూ, "రాత్రి నాలుగ్గంటలు నిద్దరట్టింది" అన్నాడు.

కాబట్టి తొమ్మిదో అంశంలో ఒక్క అక్షరమైనా కొట్టివేయకుండా, ఉన్నది ఉన్నట్టే ఉంచుతూ, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

రాళ్ళపేట
2024 నవంబరు 18, సోమవారం

(సంతకం)
పాగోటి సత్యానందం

సత్యానందం గారు మా ఎదుట సంతకం చేయగా చూసి, వారి ఎదుట మేము చేసిన సాక్షి సంతకాలు:

1. ఉమాశంకర్, ఆయుధాల వ్యాపారి, విజయనగరం
2. త్రినాథ్, మాజీ సైనికుడు, వ్యవసాయం, పాలకొండ